నలభై ఒకటో మొక్క

జూన్ 8, ఆదివారం

ఇవాళ రెండు చీమలు, ఒక ఈగ. ఈగ సగం మునిగి ఉంది. చీమలు ఎప్పటివో.

ఈ డైరీ రొయ్యల మేత కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చింది. అట్ట మీద పెద్ద రొయ్య బొమ్మ. ఐదు నెలలు ఖాళీగా పోయింది. ఇవాళ మొక్కకి ఫొటో తీసి పంపాక పని లేక తెరిచాను. రాసిపెట్టుకుంటే హిమబిందు అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పొచ్చు. అంతకు మించి ఇందులో ఏమీ లేదు.

ఆదివారం ఆదివారం ఫొటో పంపాలి. మార్చిలో వెళ్ళేటప్పుడు తను పెట్టిన షరతు అది. ఇంకో మూడు తన చేతిరాతలో ఫ్రిజ్ తలుపు మీద ఉన్నాయి. బోరు నీళ్ళు వద్దు. ఎరువు వద్దు. కుండీ మీరు మార్చవద్దు, నేను వచ్చి మారుస్తాను.

మూడేళ్ళ కిందట ఆన్‌లైన్లో తెప్పించినప్పుడు ఈ మొక్క టీ గ్లాసులో పట్టేది. ఇప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని నా ఎత్తు దాటింది. ఒక్కో ఆకు చివర సన్నటి తీగ, తీగ కొసన అరచేతి పొడుగు కూజా, దానికి మూత కూడా. లోపల జిగట నీళ్ళు. పురుగు అంచు మీద వాలి, జారి, అందులో పడి మొక్కకి భోజనం అవుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అబ్బ అంటారు. నాకు మొదట్నించీ దీన్ని చూస్తే ఒళ్ళు మండేది. అన్నం తినే వేళ కూడా తను దీని ముందే కూర్చునేది.

కుండీ మాత్రం అప్పటిదే. పెరుగు ముంతంత ఉంటుంది. మొక్క బరువుకి ఒరిగిపోతుంటే పురికొసతో ఊచకి కట్టాను. అడుగు చిల్లులోంచి వేర్లు బయటికొచ్చి నేలని వెతుక్కుంటున్నాయి.

జూన్ 9, సోమవారం

జవాబు వచ్చింది. బొటనవేలు బొమ్మ.

జూన్ 12, గురువారం

గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే పెద్దింట్లమ్మ మెట్లెక్కి వచ్చి బుట్ట దించింది. ఎనిమిదేళ్ళుగా మా ఇంటికి వస్తోంది. దానికి తెలియని సంగతి ఇంట్లో ఉండకూడదు.

"అమ్మగారు ఇంకా రాలేదేంటయ్యా?"

"ట్రైనింగ్‌లో ఉంది."

"కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడికి మళ్ళీ పాఠాలు ఎవరు చెప్తన్నారు? నాలుగో నెల వచ్చింది."

నేను వంగి చేపలు ఏరాను. అది కిటికీ వైపు చూసి, ఈగల్ని తినే మొక్క ఇదేనా అని అడిగింది. అవునన్నాను. "నా బుట్ట మీద కట్టుకుంటే పోద్ది. విసనకర్ర పని తప్పుద్ది" అని నవ్వుకుంటూ పోయింది. కింద ఓనరు గారింట్లో కూడా అదే నవ్వు. ఏం చెప్పుకుని నవ్వారో నాకు అనవసరం.

ట్రైనింగ్ అన్నది పూర్తిగా అబద్ధమేం కాదు. కడియంలో ఒక నర్సరీ వాళ్ళ లాబ్‌లో ఉద్యోగానికి చేరింది. కొత్త ఉద్యోగంలో మొదట నేర్పిస్తారు కదా.

జూన్ 15, ఆదివారం

ఫొటో పంపాను. ఈసారి "ఓకే" అని వచ్చింది. బొమ్మ కంటే మాట నయం.

జూన్ 22, ఆదివారం

కొత్త ఆకులకి కూజాలు రావడం లేదు. తీగ సాగుతోంది గానీ కొస ఎండి ఆగిపోతోంది. ఫొటో చూసి తనే రాసింది. కుండీ చాలడం లేదు, ఇంకొంచెం ఓపిక పట్టమనండి దాన్ని, అని. చాలాసేపు ఆ మాటే చూస్తూ కూచున్నాను. ఆ మాట అన్నది మొక్క గురించే అనుకోండి. అయినా చమత్కారంగా మాట్లాడింది. వెళ్ళాక ఇదే మొదటిసారి.

రోజూ నేను పనిచేసే నీళ్ళ పరీక్షల లాబ్ నుంచి లీటరు డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పోస్తున్నాను. టీడీఎస్ తొమ్మిది, పది దాటదు. నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క అది. మా బోరు నీళ్ళు పద్ధెనిమిది వందలు. కృష్ణా జిల్లా మొత్తంలో ఇంత మంచి నీళ్ళు తాగుతున్న ప్రాణి ఇదొక్కటే. నేను కూడా క్యాన్ నీళ్ళే తాగుతున్నాను.

ఆ నలభై మొక్కల సంగతి ఇందులో రాయను. ఇది ఈ మొక్క డైరీ.

జూన్ 29, ఆదివారం

ఫోన్ చేసింది. తనంతట తను చేసింది.

"గిరీష్ గారూ, వానలు పడ్డాయి కదా. జూలై 27 ఆదివారం వస్తాను. కుండీ, కొబ్బరి పీచు నేనే తెస్తాను. మార్చేసి అదే రోజు తీసుకెళ్ళిపోతాను."

అదే రోజు.

గిరీష్ గారూ అంది. లాబ్‌కి శాంపిళ్ళు తెచ్చే రైతులు పిలిచినట్టు. ఇదివరకు ఏవండీ అనేది, కోపం వస్తే ఏమీ అనేది కాదు.

కుండీ మార్చిన రోజునే కడియం దాకా వ్యానులో కుదిపితే ఏ మొక్కా బతకదు. అది తనకి నాకంటే బాగా తెలుసు. రెండు మూడు రోజులు ఇక్కడే ఉంచి చూసుకోవాల్సి వస్తుంది. వస్తే చెప్పాలి ఆ మాట. మొక్క కోసమే చెప్తాను.

జూలై 6, ఆదివారం

ఫొటో. ఓకే.

వంటింటి గట్టు తోమాను. పని లేక.

జూలై 15, మంగళవారం

కృత్తివెన్ను నుంచి చెరువు నీళ్ళ శాంపిళ్ళు తీసుకుని ఒంటిగంటకి ఇంటికొచ్చేసరికి నాన్న కిటికీ కింద బాసింపట్టు వేసుకుని కూచుని చేతుల మట్టి దులుపుకుంటున్నాడు. నాన్న ముదినేపల్లిలో అన్నయ్యతో కలిసి చేపల చెరువులు చేస్తాడు. ఇవాళ మోపిదేవి వెళ్తూ చేపల వ్యానులో బందరు దాకా వచ్చాడు. తాళం కింద ఓనరు గారి దగ్గర తీసుకున్నాడు.

మొక్క పెద్ద సిమెంటు కుండీలో నిటారుగా నిలబడి ఉంది. పాత కుండీ పగిలి పక్కన పడుంది.

"చూశావంట్రా, పాపం ఎంత ఇరుకున పెట్టావో. వేర్లన్నీ చుట్టలు చుట్టుకుపోయాయి. లోపల అంతా పీచూ పెంకులూ. దాంట్లో ఏం సారం ఉంటదిరా? అంతా దులిపి పారేశా."

"ఏం మట్టి పోశావు నాన్నా?"

"మన రెండో చెరువు మట్టి. మొన్న చేపల పట్టుబడి అయ్యాక ఎండగట్టాంగా, పైపొర గీయించి జల్లెడ పట్టి తెచ్చా. గుప్పెడు డీఏపీ కూడా కలిపా. కోడలు వచ్చేసరికి నిగనిగలాడాలి."

నాన్న తప్పేం లేదు. చేపల రెట్ట, మేత, పాచి, అన్నీ ఏడాది పొడుగునా మురిగి నల్లగా వెన్నలా తయారయ్యే మట్టి అది. ముదినేపల్లిలో దానికోసం ట్రాక్టర్లు క్యూ కడతాయి. నాన్న ఎవరింటికైనా ప్రేమగా పట్టుకెళ్ళేది రెండే, కొర్రమీను, చెరువు మట్టి. ఈ మొక్క పుట్టింది ఏమీ లేని నేలలో. నేల పెట్టదు కాబట్టే పురుగుల్ని పట్టుకు తింటుంది. వేరుకి బలం తగిలితే వేరు మాడిపోతుంది. బలం పడని మొక్క ఒకటి ఉంటుందంటే నాన్న నమ్మడు. ఫ్రిజ్ మీద కాగితం ఉంది. నాన్న ఫ్రిజ్ తెరిచే మంచినీళ్ళు తాగాడు. కళ్ళజోడు జేబులో ఉంది.

ఇద్దరం అన్నం తిన్నాం. మెట్లు దిగుతూ ఆగి అడిగాడు.

"ట్రైనింగు ఇన్ని నెలలు ఉంటదంట్రా?"

"ఉంటుంది నాన్నా."

"అడిగానంతే. మీ ఇద్దరి పేరు మీద పుట్టలో పాలు పోయించి వస్తా."

మొక్కని బయటికి తీసి, వేర్లకున్న మట్టి లాబ్ నీళ్ళతో కడిగి, పారేసిన పీచులోనే మళ్ళీ పెట్టడానికి అరగంట చాలు. పీచు ఇంకా చెత్తబుట్టలోనే ఉంది. నాన్న ఎదురుగా కడిగితే నొచ్చుకుంటాడని ఆగాను. నాన్న వెళ్ళాడు.

ఒకసారి కదిపిన వేర్లని అదే రోజు మళ్ళీ కదపడం మంచిది కాదేమో. రేపు కడుగుతాను.

జూలై 16, బుధవారం

పొద్దున్నే హిమబిందుకి ఫోన్ చేశాను. ఏం చేయాలో అడుగుదామనే చేశాను. తన గొంతు వినగానే "మొక్కకి బాగోలేదు" అన్నాను.

"ఏమైంది?"

"వాడినట్టుంది."

"నీళ్ళు?"

ఆ ఒక్క ముక్క. నీళ్ళు. నేను ఏ నీళ్ళు పోస్తున్నానో, ఎక్కడి నుంచి తెస్తున్నానో, రీడింగ్ ఎంతో అంతా చెప్పాను. విన్నది. మళ్ళీ అడగలేదు. "27 దాకా ఆగను. ఈ ఆదివారమే వస్తాను. పరిస్థితి బాగోకపోతే ఒకటి రెండు రోజులు ఉండి చూస్తాను" అంది.

ఒకటి రెండు రోజులు ఉండి చూస్తాను.

మట్టి సంగతి చెప్పడానికి వీలు కుదరలేదు. ఫోన్ పెట్టేసింది. ఆదివారానికి నాలుగు రోజులేగా. వచ్చి తనే చూసుకుంటుంది. మొక్కల చదువు తనది, నాది కాదు. ఈలోగా నేను చేయిపెట్టి పాడుచేస్తే అదో మాట.

నేను మొక్కని ఏమీ చేయలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 17, గురువారం

కుండీలోంచి రెండు చెంచాల మట్టి పొట్లం కట్టి లాబ్‌కి తీసుకెళ్ళి హన్నాకి ఇచ్చాను. హన్నా మా టెక్నీషియన్. ఆరేళ్ళుగా నాతో పనిచేస్తోంది, నాకంటే ఓపికగా చేస్తుంది.

"ఎవరిదండీ?"

"ఒక రైతుది."

మధ్యాహ్నం చీటీ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. అంకె చూసి చీటీ తిరగేసి పెట్టాను.

"ఈ రైతు వరి వేస్తే బ్రహ్మాండంగా పండుద్ది సార్. మేడం గారి మొక్కకైతే విషమే." నేను తల ఎత్తలేదు. తను వెళ్ళలేదు. "రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు వేయనా సార్?"

మామూలుగానే అడిగింది. వెటకారం దాని నోట రాదు. అందుకే ఇంకా మండింది. రిపోర్టు అక్కర్లేదని కసిరాను.

సరే, రాస్తాను. ఎవరు చదవొచ్చారు.

హిమబిందు రెండేళ్ళు విత్తనాల నుంచి పెంచిన మొక్కలు నలభై ఉండేవి. అవి కూడా పురుగుల్ని తినేవే, రూపాయి బిళ్ళంత, ఆకుల మీద జిగురు చుక్కలతో. తన పీహెచ్‌డీ పని అంతా వాటి మీదే. వాటికోసం డాబా మీద నీలం డ్రమ్ములో వాన నీళ్ళు పట్టి దాచేది. జనవరిలో రెండు రోజులు కొళాయి రాలేదు. బోరు నీళ్ళకి మరకలు పడతాయని నేను ఆ డ్రమ్ము నీళ్ళతో కారు కడిగాను. ఖాళీ డ్రమ్ము చూస్తే గొడవ చేస్తుందని బోరు నీళ్ళతో నింపాను. అంతే చేశాను. నిండా నింపాను.

మొక్కలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. తను మట్టి మార్చింది, చోటు మార్చింది, నెట్లో వెతికింది, ఏడ్చింది. చివరికి ఒక సీసాలో డ్రమ్ము నీళ్ళు తెచ్చి నా చేతికే ఇచ్చింది. "కాస్త చూసి పెట్టండి, నీళ్ళేమో అని అనుమానం" అంది. హన్నా చూసి రిజిస్టర్లో 1,840 అని రాసింది. నేను రిపోర్టులో 22 అని టైపు చేసి, సంతకం పెట్టి, సీలు వేసి ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చాను. తను నమ్మింది. నమ్మి అవే నీళ్ళు ఇంకో ఇరవై రోజులు పోసింది.

తర్వాత పెన్నులాంటి మీటరు ఒకటి తెప్పించుకుని డ్రమ్ములో ముంచింది. భోజనాల బల్ల మీద నా రిపోర్టు, పక్కన ఆ మీటరు పెట్టింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి.

జూలై 19, శనివారం

ఆకు చివర్లు గోధుమరంగు తిరిగాయి. ఒక కూజా మూత దగ్గర నుంచి ఎండుతోంది. రేపు వస్తోంది కదా. ఇల్లంతా తుడిచాను. దుప్పట్లు మార్చాను.

జూలై 20, ఆదివారం

రాలేదు. పదకొండింటికి ఫోన్ చేసింది. నర్సరీలో పెద్ద ఆర్డరు లోడింగ్ ఉందట, మనుషులు లేరట. ముందు అనుకున్న 27కే వస్తానంది. ఆ హడావిడిలో ఫొటో సంగతి అడగలేదు.

"ఒక పని చేయండి గిరీష్ గారూ. మొక్కని మెల్లగా కుండీలోంచి పైకి తీసి వేర్లు చూడండి. నల్లగా ఉన్నా ఫర్వాలేదు, వాటి రంగే అంత. పట్టుకుంటే గట్టిగా ఉన్నాయా, మెత్తబడి జారుతున్నాయా, అదొక్కటి చూసి చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను."

ఫోన్ బల్ల మీద పెట్టాను. కిటికీ దాకా వెళ్ళాను. తీసి చూస్తే మట్టి సంగతి చెప్పాలి. మట్టి సంగతి చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. కాసేపు నిలబడి తిరిగొచ్చాను.

"గట్టిగానే ఉన్నాయి."

"నిజంగా చూశారా?"

"చూశాను."

"అయితే భయం లేదు. ఇంక కదపకండి. అలాగే ఉంచండి" అంది. గొంతు తేలికపడింది. "థాంక్స్" అని కూడా అంది.

జూలై 21, సోమవారం

కదపవద్దని తనే చెప్పింది.

జూలై 22, మంగళవారం

మూడు కూజాలు ఎండాయి. మట్టిలోంచి ఏవో చిన్న పచ్చటి మొలకలు వస్తున్నాయి. అంటే మట్టిలో జీవం ఉంది. పూర్తిగా చెడిపోయిందని చెప్పలేం.

జూలై 23, బుధవారం

రేపు కడుగుతాను.

జూలై 24, గురువారం

అమావాస్య. ఇవాళ వద్దులే.

జూలై 26, శనివారం

పెద్దింట్లమ్మ దగ్గర రెండు చందువాలు తీసుకున్నాను. హిమబిందుకి ఇష్టం.

"అమ్మగారు వస్తన్నారా?" అంటూ బుట్ట సర్దడం ఆపేసింది. రేపు వస్తుందన్నాను. దాని మొహం నిజంగానే వికసించింది. "శ్రావణం వచ్చిందిగా, తింటారా మరి?"

తింటుంది అన్నాను. అన్నాక ఆలోచించాను. ఎనిమిది శ్రావణాలు గడిచాయి. తినేదో మానేసేదో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

సాయంత్రం మొక్క కాండం పట్టుకుని చూశాను. కింద మెత్తగా ఉంది. పైన నా తల దాటినచోట మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. హిమబిందు ఫోన్లో ఫొటో అడిగింది. కరెంటు పోయిందని చెప్పాను. పైనున్న పచ్చటి భాగం ఒక్కటీ రేపు ఎదురుగా చూపిస్తే చాలు.

జూలై 27, ఆదివారం

పదిన్నరకి నర్సరీ వ్యానులో వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, "లోపలికి రావచ్చా?" అంది. ఆ గుమ్మానికి పసుపు రాసింది తనే.

చిక్కలేదు. ఎండకి కొంచెం నల్లబడింది, బాగుంది. చేతిలో కొత్త కుండీ, పీచు సంచి. కూచోమన్నాను. చందువా పులుసు పెట్టానన్నాను.

"శ్రావణంలో తినను కదండీ" అంది. అప్పుడు మాత్రం పాత పిలుపు వచ్చింది. అలవాటు కొద్దీ వచ్చిందని తనకీ తెలిసినట్టుంది, వెంటనే కిటికీ వైపు వెళ్ళిపోయింది.

ముందు నీళ్ళ సీసా తీసుకుంది. సంచిలోంచి ఆ పెన్ను మీటరు తీసి నా ఎదురుగానే ముంచింది. తొమ్మిది. మీటరు దులిపి మళ్ళీ ముంచింది. తొమ్మిది. నా మొహం వైపు చూసింది. నాలుగు నెలలు, రోజుకో లీటరు, ఒక్క రోజు కూడా మానలేదు. ఆ మాట చెప్పబోయాను.

"నీళ్ళు మంచివే" అంది.

తర్వాత వంగి కుండీ చూసింది. కూజాలన్నీ కాగితాల్లా వేలాడుతున్నాయి. వేలితో మట్టి కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. వాసన చూసింది.

"మంచి మట్టి. చెరువుదా?"

"అవును."

"మావయ్యగారు పెట్టారా?"

ఇక్కడ నేను ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు. నాన్న జల్లెడ పట్టిన చేతులు గుర్తొచ్చాయి.

"కాదు. నేనే."

"ఎప్పుడు?"

"పదిహేనున."

తను లెక్క వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"ఇరవయ్యో తారీఖున నేను లైన్లో ఉండి వేర్లు చూడమన్నాను. గట్టిగా ఉన్నాయన్నారు."

నేను ఊచకి కట్టిన పురికొస విప్పుతున్నాను. ఎందుకు విప్పుతున్నానో తెలియదు.

"ఆ రోజు చెప్పి ఉంటే కడిగించేదాన్ని. బతికేది. మట్టి ఎవరు పెట్టారన్నది నాకు ముఖ్యం కాదు గిరీష్ గారూ. మావయ్యగారు పెట్టినా నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆయనకి తెలియదు. మీకు తెలుసు."

"నువ్వు ఉండిపోతావని" అన్నాను. ఎనిమిదేళ్ళలో తనతో చెప్పిన ఒక్క నిజం మాట అదేనేమో.

నా వైపు చూసింది. కోపంగా చూసినా తట్టుకునేవాణ్ణి. జాలిగా చూసింది.

"మొక్క బాగుండగానే నన్ను ఉండమని అడగలేకపోయారా?" అంది.

సంచిలోంచి చిన్న కత్తి తీసింది. కాండం కొసన పచ్చగా ఉన్నంత మేర, జానెడు, ఏటవాలుగా కోసింది. తడి పీచులో చుట్టి కవర్లో పెట్టుకుంది. నాటితే బతుకుతుందట. కొత్త కుండీ వాడాల్సిన పని పడలేదు. కత్తి ఇంట్లోని తువ్వాలుకి తుడవబోయి ఆగి, తన కొంగుకి తుడుచుకుంది.

వెళ్ళేటప్పుడు ఫ్రిజ్ మీద కాగితం పీకి మడిచి తీసుకెళ్ళింది.

వ్యాను మలుపు తిరిగేదాకా ఒక సంగతి గర్వంగా ఉంది. నాన్నని కాపాడాను, ఆయన తప్పు నా మీద వేసుకున్నాను, ఒక్కసారైనా మగాడిలా ప్రవర్తించాను అని. లోపలికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. పదిహేను నుంచి చదివాను. రేపు కడుగుతాను, తనే చూసుకుంటుంది, కదపవద్దని తనే చెప్పింది, ఇవాళ వద్దులే. నేనే అని తనతో చెప్పినప్పుడు అబద్ధం ఆడుతున్నాననుకున్నాను.

ఆరింటికి నాన్న ఫోన్ చేశాడు.

"కోడలు వచ్చిందంటగా? ఓనరు గారు చెప్పారు. మొక్క చూసిందా?"

"చూసింది నాన్నా."

"ఏమంది?"

"మంచి మట్టి అంది."

నాన్న సంతోషంగా నవ్వాడు. పక్కనున్న అన్నయ్యకి కూడా చెప్పాడు, కోడలు మన మట్టిని మెచ్చుకుందిరా అని. చదువుకున్న పిల్ల, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది అన్నాడు. మోపిదేవిలో పాలు పోయించి వచ్చాక ఇలా జరుగుతుందని తనకి తెలుసట. ఇంకో బస్తా పంపనా అని అడిగాడు.

పంపించమన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

ఫొటో పంపే పని లేదు.

మొక్క ఎండుకట్టె పీకి పారేశాను. కుండీ నిండా పొన్నగంటి కూర మొలిచింది. చెరువు గట్టు విత్తనాలు మట్టితో పాటు వచ్చినట్టున్నాయి. మొదటి బస్తా ఇలా ఉంటే రెండో బస్తా మెట్ల కింద మూట విప్పకుండానే ఉంది.

పెద్దింట్లమ్మ వచ్చింది. అమ్మగారేరి అని అడగలేదు. బుట్ట దించకుండానే కిటికీ దగ్గర నిలబడి కూర తుంచి చూసింది.

"భలే వచ్చిందయ్యా. ఏం నీళ్ళు పోస్తన్నావు?"

బోరు నీళ్ళన్నాను. నిజమే చెప్పాను.